ఎవరంటే నేనే

జూన్ 9, సోమవారం. వనపర్తి
పొద్దున్నే పంచాయితీ. ఒక ప్రైవేటు దవాఖానకు రెండు బ్రాంచీలు, టోకెన్ల సాఫ్ట్‌వేర్ మాది. పాన్‌గల్‌లో మున్నీబీ అనే పేషెంట్ పేరు కొడితే మానవపాడులో ఉన్న పేషెంట్ నాగన్న పేరుతో చీటీ వచ్చిందట. కొట్టింది అక్కడి కౌంటర్‌లో కూర్చునే గజాలా కాబట్టి తప్పు గజాలాదేనని మా శివశంకర్ సార్ తేల్చేశాడు. మళ్లీ జరిగితే దవాఖానవాళ్లు ఆమెను తీసేస్తారట. ఆమె జీతం మీదే ఇల్లంతా నడుస్తుంది. విసుగొస్తోంది.

జూన్ 10
గజాలాకు ఫోన్ చేశాను. ఎవరంటే నేనే అన్నాను. మా దగ్గర అందరం అంతే, పేరు చెప్పం, గొంతు బట్టి పోల్చుకోవాలి. ఏడ్చింది. నేను సక్కగనే కొట్టిన అక్కా, జర నువ్వన్న నమ్ము అంది.
నమ్మాను. నా నమ్మకంతో ఆమె ఉద్యోగం నిలవదు.

జూన్ 12, మధ్యాహ్నం
దొరికింది! పాన్‌గల్‌లో గజాలాను, మానవపాడు కౌంటర్‌లో జాన్‌ను ఒకేసారి బటన్ నొక్కమన్నాను. గజాలాకు జాన్ పేషెంట్ పేరు వచ్చింది.
కోడ్ తెరిచాను. కౌంటర్‌లో బటన్ నొక్కితే వచ్చే రిక్వెస్ట్‌ను వెబ్ సర్వీస్ లోపల ఎట్లా అందుకోవాలో తెలియక, ఎవరో దాన్ని తెచ్చి ServletContext అనే ఉమ్మడి చోట పెట్టారు. రిక్వెస్ట్ ఎవరిది వాళ్లకే. ఆ కాంటెక్స్ట్ మాత్రం అందరిదీ, దవాఖాన వరండాలో బెంచీ లాగా. ఒకరు పెట్టిన చీటీ మీద ఇంకొకరు పెట్టేస్తారు. ఎవరని అడిగితే ఇద్దరూ నేనే అంటున్నారు, సర్వీసేమో చివరి గొంతునే పట్టుకుంటోంది.
దాని బదులు WebServiceContextను అడిగితే ఎవరి రిక్వెస్ట్ వాళ్లకే ఇస్తుంది. నాలుగు లైన్ల పని. పాత కోడ్ ఎవరు రాశారా అని చూశాను. శివశంకర్ సార్.

జూన్ 13
సార్‌కు చూపించాను. మార్చెయ్, దవాఖానోళ్లకు చెప్పకు, కాంట్రాక్ట్ పోతది అన్నాడు. మార్చాను. చెప్పలేదు.
మళ్లీ తప్పు చీటీ వచ్చిందని గజాలాను నిన్న సాయంత్రమే తీసేశారట.

జూన్ 17
పాన్‌గల్‌కు కొత్తమ్మాయి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒక్క తప్పూ లేదని దవాఖానవాళ్లు ఆమెను తెగ మెచ్చుకుంటున్నారట. సార్ సంతోషంగా చాయ్ తెప్పించాడు. నాకు తాగబుద్ధి కాలేదు.

జూన్ 18
దవాఖానకు ఫోన్ చేశాను. తప్పు గజాలాది కాదు, మా కోడ్‌ది అన్నాను. ఎవరు మాట్లాడేది అన్నారు.
నేనే అనబోయాను.
అర్చనను, వనపర్తి ఆఫీసు నుంచి అన్నాను.