మాట ఆయనది, చెయ్యి నాది

మార్చి 9, సోమవారం

చిరంజీవి పిచ్చుకకు,

మీ వదిన బోలెడు ఆశీస్సులతోనూ, కాస్త భయంతోనూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు బాగానే ఉన్నావని నిన్న ఆటలో నువ్వు కొట్టిన దెబ్బలే చెప్పాయి.

నీ ఉద్యోగం ఖాయమైందని ఫోన్ చేసిన రోజున మీ అన్నయ్య నవ్విన నవ్వు పక్కింటికి కూడా వినపడి ఉంటుంది. నేను మాత్రం లోపలి గదిలోకి వెళ్లి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ మాట కోసం మూడు నెలలుగా కళ్లలో వత్తులేసుకుని కాచుకున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. మాది రెండు గదుల ఇల్లు, మీ అన్నయ్యవి పాము చెవులు. పైగా అటువైపు నువ్వు ఏడిస్తే ఇటువైపు నేనూ మొదలెడతాను.

డిసెంబరులో మీ అన్నయ్య చేతికి దెబ్బ తగిలింది, నాలుగు కుట్లు పడ్డాయి అని నీకు చెప్పాం. దెబ్బ నిజం, నాలుగు కుట్లు అబద్ధం. రేవులో ఆయన క్రేన్ దిగి వస్తుంటే, కింద బిగిస్తున్న ఇనుప తాడు తెగి ఎడమ చేతిని కొట్టింది. బొటనవేలి నరం తెగిపోయింది. రెండు గంటల సేపు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఆ వేలు సగం దాకా వంగుతుంది గాని పట్టు లేదు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. ఏడాది పడుతుందని చెప్పింది డాక్టరమ్మ. పూర్తిగా వస్తుందా అని అడిగితే కాగితాలు సర్దుకుంది.

నీకు చెప్పొద్దన్నది మీ అన్నయ్యే. ‘దాని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తెలిస్తే ఉన్నపళంగా పరుగెత్తుకొస్తుంది. చేతికొచ్చింది కాస్తా పోతుంది’ అన్నారు. నేను సరేనన్నాను. అది తప్పయితే అందులో సగం నాది.

ఇక ప్రతి ఆదివారం మీ అన్నాచెల్లెళ్లు నెట్‌లో ఆడుకునే వీడియో గేమ్ సంగతి. మొదట్లో నెట్ రావడం లేదని కొన్ని వారాలు నెట్టుకొచ్చాం. జనవరిలో నువ్విక ఊరుకోలేదు, ఆ నెట్ వాళ్లకి నేనే ఫోన్ చేసి దులిపేస్తానన్నావు. ఆ రోజు మధ్యాహ్నం మీ అన్నయ్య కంట్రోలర్ తీసుకుని మంచం మీద కూర్చున్నారు. బొమ్మ కదలాలంటే దాని మీదున్న చిన్న స్టిక్కును ఎడమ బొటనవేలితో ముందుకు తోయాలి. వేలు వెళ్లింది, స్టిక్కు కదల్లేదు. ఇంకోసారి తోశారు. మూడోసారి కంట్రోలరే ఒళ్లోంచి జారి కింద పడింది. ఆయన దాన్ని తియ్యలేదు. గోడకేసి తిరిగి కూర్చున్నారు. ఇంటంత పెట్టెను గాలిలో తిప్పి లారీ మీద చప్పుడు కాకుండా దింపే మనిషి, పిచ్చుకా. ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన్నలా చూడలేదు.

కిందపడినదాన్ని నేనే తీసి, ‘ఏది ఎప్పుడు నొక్కాలో చెప్పండి’ అన్నాను.

అవును. అప్పట్నించీ నీతో ఆడింది నేనే. మైకులో మాట ఆయనది, చెయ్యి నాది. నీకు వినపడకూడదు కాబట్టి సైగలు పెట్టుకున్నాం. భుజం మీద ఒకసారి తడితే గెంతాలి, రెండుసార్లు తడితే తన్నాలి, జడ లాగితే వెనక్కి తగ్గాలి. ఒక ఆదివారం నువ్వు ‘ఏంటన్నయ్యా, బస్సు తప్పిపోయిన ముసలాయనలా అలా నిలబడిపోయావు?’ అన్నావు. ఆయన పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తంతున్నది నన్ను గదా.

నవ్వారు గానీ, ఆట అయిపోయాక ఆ చేతిని దుప్పటి కింద పెట్టుకునేవారు. మనుషులెవరైనా వస్తే జేబులో పెట్టుకునేవారు. అది చూస్తూ ఎన్నాళ్లుంటాం? బస్సు సీట్లకు తొడుగులు కుట్టేదాన్ని, నాకొకటి తెలుసు. కూర్చున్నవాడి నడుం నొప్పెడితే నడుం మార్చలేం, సీటే మార్చాలి.

మా వర్క్‌షాపు వెనక వీధిలో పాత ఆటసామాన్లు బాగుచేసే ఆవిడ ఉంది. అందరూ స్క్రూల పిన్ని అంటారు. ఫిబ్రవరి మొదటి శనివారం మీ అన్నయ్యను అక్కడికి లాక్కెళ్లాను. పిన్ని బల్ల మీద తువ్వాలు పరిచి కంట్రోలర్లు వరసగా పెట్టింది. ‘చెప్పులు కొన్నట్టే బాబూ, తొడుక్కుంటేగాని తెలీదు’ అంది.

మొదట టీవీకి తగిలించే మా కన్సోల్‌తో వచ్చిన రకమే పట్టుకున్నారు. దాని రెండు స్టిక్కులూ కవలపిల్లల్లా కింది వరసలో పక్కపక్కనే ఉంటాయి. బొటనవేలు లోపలికి సాగితేగాని అందవు. అది మాకు తెలిసిన నొప్పే. తరవాతది ఇంకో కంపెనీది, నీ దగ్గరున్నలాంటిది. దాంట్లో ఎడమ స్టిక్కు పైన, కుడి స్టిక్కు కింద. పట్టుకోగానే వేలు వెళ్లి దానంతటదే స్టిక్కు మీద వాలింది. మీ అన్నయ్య మొహం విప్పారింది. ఇదే తీసుకుందామని నేను అనేలోపే వేలు వణకడం మొదలైంది. వేలు వాలడానికి చోటు దొరికింది గాని, తోసే బలం ఎక్కణ్ణించి వస్తుంది? ఆ తరవాత మూడు కొమ్ముల పాత వస్తువొకటి ఇచ్చింది, నడిమి కొమ్ము మీద ఒకే ఒక్క స్టిక్కు. ‘దీన్ని చేసినవాడికి మూడు చేతులుండి ఉంటాయి’ అన్నారు మీ అన్నయ్య. కుడిచేత్తో దాని స్టిక్కు తిప్పితే, బటన్లు నొక్కడానికి ఇక చెయ్యి లేదు.

పిన్ని ఆ చేతినే చూస్తోంది. ఏం పని చేస్తావు బాబూ అని అడిగింది. ‘క్రేన్ నడుపుతాను. నడిపేవాణ్ణి’ అన్నారు.

‘క్రేన్ మీటలు బొటనవేలితో తోస్తారా?’

‘లేదండీ. అరచేత్తో. పనంతా మణికట్టుదే.’

పిన్ని స్టూలెక్కి, అటక మీంచి పీటలాంటి వెడల్పాటి పెట్టె దింపింది. ఎడమ పక్క గుండు తల ఉన్న మీట, కుడి పక్క ఎనిమిది పెద్ద బటన్లు. ఒళ్లో పెట్టుకుని ఆడాలి. మీ అన్నయ్య మీట మీద అరచెయ్యి వేశారు. ముందుకీ వెనక్కీ ఆడించారు. బొటనవేలి పనే లేదు. గుండు చిన్నదై జారుతోంటే, నా సంచిలో ఉన్న సీటు స్పాంజి ముక్క చుట్టి అక్కడే దారంతో కట్టాను. ఎంత లావు కావాలో ఆయన చెబుతుంటే విప్పి కట్టి, విప్పి కట్టి, నాలుగోసారికి సరిపోయింది.

అంతా బాగుంది గాని ఆ పెట్టె వేరే కంపెనీ పాత కన్సోల్‌ది. దాని ప్లగ్గు మా దాంట్లో దూరదు, దూరినా వీళ్ల భాష వాళ్లకు తెలీదు. మధ్యన దుబాసీ ఉండాలని చెప్పి, అగ్గిపెట్టెంత అడాప్టర్ ఇచ్చింది పిన్ని. ఆ దుబాసీ మా ప్రాణాలు తోడేసింది. ఆ కంపెనీవాళ్లు ‘సరే’ బటన్ పెట్టినచోట ఈ కంపెనీవాళ్లు ‘వద్దు’ పెట్టుకున్నారట. ఆయన తన్నబోతే బొమ్మ గెంతేది, గెంతబోతే ఆటే ఆగిపోయేది. పిన్ని తన కంప్యూటర్‌కి తగిలించి బటన్లన్నీ తిరగరాసింది. అప్పుడిక ఆడుతుందనుకుంటే, సరిగ్గా ఎనిమిది నిమిషాలకు దీపం ఆరిపోయి పెట్టె మొద్దుబారిపోయేది. ఇది పరాయిదని కన్సోల్ పసిగడుతోందంది పిన్ని. మళ్లీ రెండు వారాలు తిరిగాం. చివరికి వేరే రకం అడాప్టర్ తెచ్చింది. దానికి ఇంకో వైపు మా సొంత కంట్రోలర్ కూడా తగిలించి పక్కన పడుకోబెట్టాలి. అంటే ఇంటి అల్లుడు పక్కనుంటేగాని చుట్టాన్ని గడప దాటనివ్వదన్నమాట. మొత్తానికి దాటనిచ్చింది.

నిన్న నీతో ఆడింది మీ అన్నయ్యే. నాలుగాటల్లో మూడు నువ్వు గెలిచావు, ఒకటి ఆయన గెలిచారు. ఆట అయ్యాక స్నానానికి వెళ్తూ ఆ చేతిని ఊపుకుంటూ వెళ్లారు. జేబులో పెట్టుకోలేదు.

క్రేన్ ఇంకా ఎక్కనివ్వలేదు. ప్రస్తుతం స్టోరులో హెల్మెట్లు, చేతితొడుగులు ఇచ్చే పని. ఏప్రిల్‌లో పరీక్ష పెడతారు. నెగ్గుతారో లేదో నాకు తెలీదు, డాక్టరమ్మా చెప్పలేదు. పోయిన వారం ఎవరూ అడక్కుండా తనే వెళ్లి పేరు రాయించుకొచ్చారు. జనవరిలో ఆ ఊసెత్తితే లేచి అవతలికి వెళ్లిపోయేవారు.

కోప్పడాలనుకుంటే ముందు నన్ను కోప్పడు. ఆయన్ని తరవాత చూసుకుందువుగాని.

ఇట్లు,
ఆశీస్సులతో మీ వదిన


మార్చి 16, సోమవారం

వదినకు,

నీ ఆడపడుచు నమస్కరించి, ఆ వెంటనే కొంగు బిగించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. వాతావరణ కేంద్రంలో రోజుకి ఎనిమిదిసార్లు గాలి ఎటు వీస్తోందో రాయడం నా పని. మిగతా సమయంలో మా ఆఫీసు పెద్దాయన నా రాత గాలికే కొట్టుకుపోయేలా ఉందని అంటుంటాడు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం లేదని అబద్ధం చెప్పను. అన్నయ్యకి ఏదైనా అయితే నాకు చెప్పకుండా ఉండటం నన్ను కాపాడటం కాదు వదినా, నన్ను పరాయిదాన్ని చెయ్యడం. ఈ ఒక్క మాటా అనేశాను, ఇక అయిపోయింది. ఇప్పట్నించి జ్వరమొచ్చినా దగ్గొచ్చినా అదే రోజు చెప్పాలి.

ఎనిమిదేళ్లుగా మేం ఆటకి కూర్చుంటే నువ్వు ఏదో కుట్టుకుంటూ పక్క గదిలో ఉండేదానివి. మేమూ ఎన్నడూ రమ్మనలేదు. అది మా తప్పు. ఇక నీ చోటు వదలకు. నాతో ఒక ఆట నువ్వు, ఒక ఆట అన్నయ్య. సైగలు మాత్రం వద్దు, జడ ఊడిపోతుంది.

స్క్రూల పిన్నికి నా దండాలు చెప్పు. ఏప్రిల్ పదో తారీకుకి సెలవు దొరికింది, పరీక్షకు ముందే వస్తున్నాను.

ప్రేమతో,
పిచ్చుక

తా.క. ఈ ఉత్తరంలో ఇదొక్కటే అసలు రాయాల్సిన సంగతి. రేవులో అన్నయ్య క్రేన్‌కి కింద నుంచి జెండా ఊపి దారి చూపే బాబాయి జనవరి నెలాఖరులోనే నాకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు, ఎవరైనా వస్తే అన్నయ్య ఆ చెయ్యి జేబులో దాస్తున్నాడని కూడా. సెలవు దొరికిన మొదటి శనివారం, తెల్లవారకముందే బయల్దేరి వచ్చాను. మిమ్మల్నిద్దరినీ ఏమేం తిట్టాలో బస్సులో వరసగా పేర్చుకున్నాను. ఇంటికి తాళం ఉంది. నీ వర్క్‌షాపులో అడిగితే వెనక వీధికి వెళ్లారన్నారు. ఆ కొట్టు అద్దంలోంచి చూశాను. అన్నయ్య ఒళ్లో వెడల్పాటి పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. నువ్వు నేలమీద మోకాళ్లేసి, పళ్లతో దారం కొరుకుతున్నావు. అన్నయ్య ఏదో అన్నాడు, నువ్వు వాడి మోకాలి మీద ఒక్కటేశావు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ ఎడమ చెయ్యి మీట మీద, అందరికీ కనపడేలా ఉంది. నేను తలుపు తోస్తే ఆ చెయ్యి జేబులోకి వెళ్లిపోతుందని నాకు తెలుసు. అందుకే రోడ్డు దాటి, తిరుగు బస్సెక్కాను. ఆ చేత్తో అన్నయ్య ఆడలేడని తేలిపోయింది కాబట్టి, ఆ మర్నాటి నుంచి నేను ఆడింది నీతోనేనని తెలిసే ఆడాను. ఇది అన్నయ్యకి చెప్పకు. వచ్చినప్పుడు ఆ చేతిని మొదటిసారి చూస్తున్నట్టే చూస్తాను. వాడంతట వాడు చాపి చూపించాలి, అంతే.