మీ తమ్ముడి నడుము

ఆదివారం

వదినకు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఇక్కడ అందరం అంటే నేనొక్కదాన్నే. క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక మీరే తేల్చండి.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఫోన్లో అయితే మీరు మధ్యలో "ఆఁ, ఏంటీ?" అంటారు, నేను "ఏం లేదులే వదినా" అనేస్తాను. మూడేళ్ళుగా ఇదే తంతు. ఉత్తరం మీకు చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా ఇక్కడ జరగాల్సింది జరిగిపోతుంది, మీరు ఆపలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నా రోజు ఎలా గడుస్తుందో మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఈ పరదేశపు మిషన్ కాలేజీలో పొద్దున ఏడున్నరకు చాపెల్ గంట. అరగంట పాటలూ, వాక్యమూ. ఎనిమిదింటి నుంచి కెమిస్ట్రీ ల్యాబ్. ఇరవై బ్యూరెట్లు, నలభై మంది పిల్లలు. అందులో ముప్పై మంది చుక్క ఎక్కడ ఆపాలో తెలియక రంగు ముదరబెట్టేసి "మేడమ్, ఇది లేత గులాబీయేనా?" అని అడిగేవాళ్ళు. నేనేం చెప్పినా రెండుసార్లు చెప్పాలి. నా యాస వాళ్ళకెక్కదు, వాళ్ళ యాస నాకెక్కదు. సాయంత్రం గాజుసామాను లెక్క చూసుకుని, రికార్డులు దిద్ది, ఆఫీసు వెనక క్వార్టర్స్ మెట్లెక్కేసరికి చెప్పులు విప్పడానికి కూడా వంగబుద్ధి కాదు. పనికైతే నేను అలవాటు పడ్డదాన్నే. నన్ను అలిసిపోయేలా చేసింది ఇక్కడివాళ్ళ మంచితనం వదినా. వరండాలో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ ఆగి, చేయి పట్టుకుని, "నీకోసం ఏమని ప్రార్థించమంటావు?" అని అడుగుతారు. ఊరికే అడగరు, జవాబు కోసం నిలబడతారు.

ఇక అసలు సంగతి. మీ తమ్ముడికి వీసా రాలేదని మీకు చెప్పాను. అబద్ధం. నేను వచ్చిన రెండో నెలలోనే వచ్చింది. ఆయన వస్తున్నారనే నాకు దంపతుల క్వార్టర్స్ ఇచ్చారు. రెండు గదులు, రెండు కుర్చీలు, తలుపు వెనక రెండు కొక్కేలు. టికెట్ తీసుకోమని ఫోన్ చేశాను. "నువ్వక్కడ బాగానే ఉన్నావుగా. నాకూ ఇక్కడ ఇలాగే హాయిగా ఉంది. అలవాటైపోయింది. ఇప్పుడు కదిలించడం ఎందుకు చెప్పు?" అన్నారు. అంతే. కోపం లేదు, గొడవ లేదు. ఎవరైనా ఉన్నారా అని సిగ్గు విడిచి అడిగాను. "ఛ, అదేం మాట" అన్నారు. నిజమే అయి ఉంటుంది. ఇంకొకతె ఉండి ఉంటే తిట్టుకోవడానికి నాకో మనిషైనా దొరికేది. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి నేను లేకపోతేనే హాయిగా ఉందని ఎవరితో ఏమని చెప్పుకోను? అందులోనూ మీతో. మీ స్కూల్లో మీతో పాటు టీచరుగా ఉన్న నన్ను చూసి ముచ్చటపడి, "మా తమ్ముడికి అడుగుతున్నాను" అని మా అమ్మ దగ్గరికి వచ్చింది మీరే కదా.

ప్రతి బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ప్రార్థన ఉంటుంది. లైబ్రరీ ఆవిడ దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటి. ఎవరికే కష్టమున్నా అందులో రాసుకుని, వరసగా చదివి, అందరి చేతా ప్రార్థన చేయిస్తుంది. ఫోన్ అయిన మర్నాడే "మీ ఆయన ఎప్పుడొస్తున్నారు?" అని అడిగింది. నా నోట "ఆయనకి ఒంట్లో బాగాలేదండీ" అని వచ్చేసింది. పుస్తకం తెరిచి, "ఏం జబ్బు?" అంది. నేను ఆలోచించుకోలేదు. నడుము అన్నాను. డిస్కు జారింది, విమానంలో అన్ని గంటలు కూర్చోలేరన్నాను. రాసుకుంది.

అదిగో అప్పటి నుంచి వదినా, మీ తమ్ముడి నడుము కోసం ఇరవై రెండు మంది ప్రతి బుధవారం కళ్ళు మూసుకుంటున్నారు. ప్రిన్సిపాల్‌గారు పాస్టర్ కూడాను, ఆయనైతే ఉపవాసాలున్నారు. మధ్యలో "ఇప్పుడెలా ఉంది?" అంటే "అలాగే ఉంది" అంటూ వచ్చాను. మీకు అక్కడ వీసా, వీళ్ళకి ఇక్కడ నడుము. ఏ అబద్ధం ఎవరికి చెప్పానో మర్చిపోకుండా ఉండటానికే నా సగం బుర్ర అరిగిపోయింది.

పోయిన గురువారం మీరు ఫోన్లో ఒక ఫోటో పంపారు చూడండి, మీ స్కూలు ఆటల పోటీల్లో మీ తమ్ముడు షటిల్ ఆడుతున్నది. రెండు కాళ్ళూ నేల మీద లేవు. నోరంతా తెరిచి నవ్వుతున్నారు. ఆయన అలా నవ్వగా నేను చూసి ఎన్నాళ్ళయిందో. లైబ్రరీలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ వెనక నుంచి వంగి, "ఎవరు?" అంది. "మా ఆయన" అన్నాను. "ఎప్పటిది?" "మొన్నటిదే." ఆవిడ "హల్లెలూయా!" అని అరిచిందండీ, నిశ్శబ్దం అని బోర్డు రాసి పెట్టిన లైబ్రరీలో. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ "కాదు" అనడానికి ఒక్క క్షణమే దొరికింది, అది పోగొట్టుకున్నాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో రాసిన ప్రార్థనకు జవాబు వస్తే, ఆ మనిషి శుక్రవారం చాపెల్‌లో కాలేజీ అంతటి ముందూ సాక్ష్యం చెప్పాలి. వచ్చే శుక్రవారం నాదే. ఆ తర్వాతి వారం కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలు. అందులో మొదటి షరతే సత్యవర్తన. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఏ ఇంటికి రావాలో నాకు తెలియదు. కాబట్టి సాక్ష్యం చెప్పేద్దామనే అనుకుంటున్నాను. దేవుడు చేశాడు, వందనాలు, అని రెండు ముక్కలు. మీరు నన్ను అసహ్యించుకోండి, పరవాలేదు, కానీ తెలిసి అసహ్యించుకోండి.

మీ మరదలు

*

బుధవారం

వదినకు,

మొదటిది పోస్టు డబ్బాలో వేసి మూడు రోజులు కాలేదు, మళ్ళీ రాస్తున్నాను. గబగబా గీకేస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకండి.

లైబ్రరీ ఆవిడకి ఒక చెల్లెలుంది. ఆమెకు నిజంగానే నడుము జబ్బు. రెండేళ్ళుగా మంచం మీదే. ఈ నెలాఖరున ఆపరేషన్‌కి రోజు ఇచ్చారు. ఆ ఆపరేషన్ అంటే అక్కాచెల్లెళ్ళిద్దరికీ చచ్చేంత భయమని నాకు తెలుసు. ఈ మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ఆపరేషన్ వద్దని ఆస్పత్రికి చెప్పేద్దామనుకుంటున్నాం. శుక్రవారం మా చెల్లిని చక్రాల కుర్చీలో చాపెల్‌కి తీసుకొస్తా. నీ నోటితో వినాలట. మీ ఆయన్ని లేపినవాడు దాన్ని లేపడా?" అంది.

నేను ఏమన్నానో తెలుసా? "అలాగేనండి" అన్నాను.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఇంతవరకూ నా అబద్ధం వల్ల ఎవరికేం పోయిందిలే అనుకున్నాను. పోతే కాస్త ప్రార్థన, అది ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే అని కూడా సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడది పోయి పోయి ఒక మంచాన పడ్డ మనిషి మీద పడింది. నాకు ఉద్యోగం కావాలి వదినా. ఈ వయసులో మళ్ళీ ఎక్కడో మొదటి మెట్టు దగ్గర నిలబడే ఓపిక నాకు లేదు. కానీ ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని నా ముఖంలోకి చూస్తుంటే ఆ రెండు ముక్కలూ నేను చెప్పలేను.

రేపు లైబ్రరీకి వెళ్తున్నాను. ఆవిడకు ముందు చెప్పాలి. ఏం జరుగుతుందో రాస్తాను, రాసే ముఖం మిగిలితే.

మీ మరదలు

*

బుధవారం, మూడు వారాల తర్వాత

వదినకు,

మీ ఫోన్లు ఆరు వచ్చాయి, ఎత్తలేదు. ఉత్తరం చేరిందని అర్థమై, మీ గొంతు వినే ధైర్యం చాలలేదు.

ఆ గురువారం లైబ్రరీలో ఆవిడ పాత పుస్తకాలకు అట్టలు వేస్తోంది. ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాను. చేతిలో జిగురు ఎండిపోయేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత ఒకటే అడిగింది: "ఆస్పత్రికి నిన్న సాయంత్రం ఫోన్ చేద్దామనుకుని లైన్ దొరక్క ఊరుకున్నాను. దొరికి ఉంటే?" జిగురు సీసాకి మూత బిగించింది. "మిగతావాళ్ళకి నువ్వే చెప్పుకో, నీ తరఫున నేను చెప్పను" అని తలుపు వైపు చూపించింది.

శుక్రవారం చెల్లెలు రాలేదు. మిగతా అందరూ వచ్చారు, నాలుగు వందల మంది. ప్రిన్సిపాల్‌గారు వెలిగిపోతున్న ముఖంతో నన్ను పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళి అన్నాను, "మా ఆయన నడుముకి ఎప్పుడూ ఏమీ కాలేదు. నేను లేకపోతేనే హాయిగా ఉందని ఆయన రాలేదు. అది చెప్పుకోలేక మీకు అబద్ధం చెప్పి, మూడేళ్ళు మీ చేత ప్రార్థన చేయించాను. క్షమించండి." అంతే. అలవాటు చొప్పున వెనక వరసలో ఒక కుర్రాడు చప్పట్లు మొదలుపెట్టాడు, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆగాడు. దిగి వచ్చి కూర్చున్నాను. వదినా, ఎవరో భుజాల మీంచి బస్తా దించినట్టు అనిపించింది, సిగ్గు లేకుండా.

సోమవారం ప్రిన్సిపాల్‌గారు పిలిపించారు. "నేను మూడేళ్ళు ఒక షటిల్ ఆటగాడి నడుము కోసం పస్తులున్నానన్నమాట" అన్నారు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మూడేళ్ళకివ్వాల్సిన కాంట్రాక్టు ఒక్క ఏడాదికే ఇచ్చారు, తర్వాత చూద్దామన్నారు. క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. న్యాయమే. హాస్టల్ పక్కన ఒంటి గది ఇచ్చారు. సామానంతా ల్యాబ్ ట్రాలీలో ఒకే విడతకు వచ్చేసింది.

ఆ సాయంత్రం మీ తమ్ముడికి ఫోన్ చేశాను. "మీరిక నాకోసం ఏ సాకూ వెతుక్కోవద్దు, నేనూ వెతకను. కాగితాల మీద కూడా తేల్చేసుకుందాం" అన్నాను. ఏడుస్తారేమోనని ఒక మూల ఆశ ఉండింది, మీ దగ్గర దాచడమెందుకు. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "నీ ఇష్టం" అన్నారు. ఆ ఊపిరి ఎంత తేలిగ్గా ఉందో! నాకు ఒళ్ళు మండిపోయి ఫోన్ పెట్టేసి, గదంతా రెండుసార్లు తుడిచాను.

లైబ్రరీ ఆవిడ ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు. చెల్లెలికి ఆపరేషన్ అయింది, కాళ్ళలో కదలిక ఉందట, అదీ ఆఫీసులో వాళ్ళ ద్వారానే విన్నాను. ఈ రోజు బుధవారం ప్రార్థనకి వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను. ఆవిడ అందరి విన్నపాలూ చదివింది. చివర్న కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఈసారి నిజమే చెప్పు. ఏం రాసుకోను?" అంది. మూడేళ్ళుగా ఆయన కోసమే అడిగాను, నాకేం కావాలో ఆలోచించనే లేదు. "నిద్ర పట్టాలండీ" అన్నాను. రాసుకుంది.

ఆయనతో తెగిపోయింది. మీతో ఏమవుతుందోనన్నదే నా భయం. ఆయన భార్యను కాకపోతే మీకు నేనేమవుతానో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఏం రాసినా రాయండి, రాయకుండా మాత్రం ఉండకండి.

ఇంకా ఏమని సంతకం పెట్టాలో తెలియని

నేను

*

మరదలికి,

మూడు ఉత్తరాలూ అందాయి. ఫోన్ ఎత్తవు కాబట్టి నేను కూడా కాగితం మీదే తగలడాల్సి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఓసి పిచ్చిదానా, వీసా సంగతి నాకు మొదటి ఏడాదే తెలుసు. నీతో ఆ మాట అన్న రోజే వాడు నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇలా అన్నాను" అన్నాడు. గడ్డి పెట్టాను. నాలుగు నెలలు వాడితో మాట్లాడలేదు. వాడేమీ మారలేదు. అన్నం తిన్నాడు, ఆఫీసుకెళ్ళాడు, షటిల్ ఆడాడు. నువ్వు ఫోన్లో "వీసా ఇంకా రాలేదు వదినా" అన్నప్పుడల్లా నేను "అయ్యో, ఈ ఆఫీసులవాళ్ళు ఇంతేనే" అన్నాను. గుర్తుందా? నువ్వొక్కదానివే అబద్ధాలాడావని అక్కడ నాలుగు వందల మంది ముందు ఒప్పుకున్నావు, నేను కూడా నీ పక్కన నిలబడాల్సింది.

ఆ ఫోటో నేను కావాలనే పంపాను. వాడు ఎగిరి గంతులేస్తుంటే చూసి నాకే ఒళ్ళు మండింది. నువ్వు చూస్తే నీకూ మండుతుందని, మండితే ఏదో ఒకటి తేల్చుకుంటావని పంపాను. మీ లైబ్రరీలో హల్లెలూయా అరుస్తారని నాకేం తెలుసు? ఆవిడకి నా క్షమాపణ చెప్పు.

మూడేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నానని అడుగుతావు, అడగాలి కూడా. వాడు నా తోడబుట్టినవాడు, ఏం చేసినా ఎక్కడికీ పోడు. నిజం బయటపడితే పోయేది నువ్వే. మనిద్దరం స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర ఒక్క టిఫిన్ డబ్బాలో తిన్న రోజుల్లో నాకు వాడికి పెళ్ళి చేయాలన్న తొందరేం లేదే. నువ్వు బదిలీ మీద వెళ్ళిపోతావని భయపడి మా ఇంటికి కోడలిగా తెచ్చుకున్నాను. సంబంధం చూసింది వాడి కోసమని అందరూ అనుకున్నారు, నువ్వు కూడా. నా స్వార్థానికి నీ పద్దెనిమిదేళ్ళు పోయాయి. ఇది ఎవరి ముందు లేచి చెప్పాలో నాకు తెలియక నీకే చెబుతున్నాను.

కోపం వస్తే ఒక నెల తిట్టుకో. తర్వాత ఫోన్ ఎత్తు.

నీ వదిన