తొర్రలో ఉప్పు పొట్లం

ఏమయ్యా,

నువ్వు పోయాక మొదటిసారి నిన్న మన మద్దిచెట్టు దగ్గరికి వెళ్లాం. మిరపకోతలు అయిపోగానే మమ్మల్ని జీపులో ఎక్కించుకుని వెల్దుర్తి దాటి కొండల్లోకి తీసుకెళ్లేవాడివే, ఆ దారినే. ఈసారి బండి మన అమ్మాయి నడిపింది.

వాగు ఒడ్డున చెట్టు అలాగే ఉంది. మనమంతా చేతులు చాపి చుట్టినా అందని ఆ మానుకు ఎర్రరంగుతో నంబరు వేశారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేస్తారట.

గుడారంగా కట్టిన పట్టా విప్పి తిరిగొచ్చే ముందు, తర్వాత వచ్చేవాళ్ల కోసం తొర్రలో ఉప్పూ అగ్గిపెట్టే పెట్టేవాడివి కదా. తడిమి చూస్తే ఎవరో పెట్టిపోయిన ఉప్పు పొట్లం దొరికింది. చెట్టు కింద వండుకున్న పప్పులో అదే వేసుకున్నాం.

బయలుదేరేటప్పుడు అమ్మాయి కొత్త పొట్లం తీసింది.

"చెట్టే కొట్టేస్తుంటే ఎవరికే అది?" అని కసిరాను.

"కొట్టేవోళ్లు మాత్రం ఇక్కడ వండుకోరా ఏందమ్మా?" అంది.

ఒళ్లు మండిపోయింది. కానీ అది అచ్చం నువ్వనే మాట. పొట్లం లాక్కోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అగ్గిపెట్టె మాత్రం ఇవ్వలేదయ్యా. ఇంకా నా కొంగుముడిలోనే ఉంది.