మేష్టారు చెల్లదన్నారు

మార్చి 3, మంగళవారం

ఆఫీసుకి సెక్యూరిటీ కన్సల్టెంటు వచ్చాడు. పచ్చతాళం అని పేరు పెట్టాను. ఏ సైట్ తెరిచినా ముందు అడ్రస్ పక్కన ఉండే తాళం బొమ్మ చూస్తాడు. మనుషుల మొహాలు ఆ తర్వాతే. మా సైట్‌కి బి గ్రేడ్ వచ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరో పోయినట్టు గొంతు తగ్గించాడు. డైరెక్టర్ గంగిరెద్దులా తలూపాడు. సర్టిఫికెట్ అంటే గోడకి తగిలించేదని తప్ప ఆయనకి ఇంకేమీ తెలియదు.

మాది ఆడియో లైబ్రరీ. చూపు లేనివాళ్ళు పుస్తకాలు వింటారు. దొంగలు పడితే ఎత్తుకుపోవడానికి మా దగ్గరున్నవి నవలలు. అయినా సరే ఏ ప్లస్ కావాలట.

మార్చి 4

సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చూపే సర్టిఫికెట్ కొత్తది వేసి, పాత తాళం పద్ధతులన్నీ మూసేయాలని పచ్చతాళం ఆర్డర్. ఈ కొత్త సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీని పాత బ్రౌజర్లు ఎరగవు, వాటితో వచ్చేవాళ్ళ గతేమిటని అడిగాను. స్క్రీన్ మీద లెక్క చూపించాడు. అలాంటివాళ్ళు సున్నా. మ్యూజియం పీసుల కోసం సైట్ నడుపుతామా మేడమ్ అన్నాడు. నవ్వాను. వాడి జోకుకి నవ్వినందుకు నా మీద నాకే చిరాకేసింది. కానీ పదిహేనేళ్ళ నాటి బ్రౌజర్‌ని పట్టుకుని వేలాడేవాళ్ళ మీద నాకూ జాలేమీ లేదు.

మార్చి 5, గురువారం

వేశాను. ఏ ప్లస్ వచ్చింది. డైరెక్టర్ కేక్ తెప్పించాడు. తాళానికి కేకు.

మార్చి 9

బావగారు భోజనం దగ్గర మాట్లాడటం మానేశారు. బావగారంటే మా ఆయన అన్నయ్య. ప్రూఫ్ రీడర్‌గా చేసేవారు. చూపు పోయాక మా ముందుగదిలో ఉంటున్నారు. ఇప్పుడు అచ్చులో తప్పులు దొరక్క నా మాటల్లో వెతుకుతారు. శనివారాన్ని సెనివారం అన్నానంటే ఆ పూటకి ముద్ద దిగనివ్వరు. ఎడమ కంటికి మాత్రం కిటికీ వెలుగు తెలుస్తుందంటారు. రోజూ పొద్దున్నే అటు తిరిగి ఎండ ఎలా ఉందో ప్రకటిస్తారు. ఆ వార్త వింటేగానీ మా ఆయనకి కాఫీ దిగదు.

ఏమైందో కనుక్కోమని మా ఆయనకి చెప్పాను. అన్నయ్య మూడ్ అంతే, వదిలెయ్ అన్నాడు. ఇద్దరు అన్నదమ్ములూ కలిసి ఒక్క ప్రశ్న అడుక్కోలేరు.

మార్చి 10

సాయంత్రం బావగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. వైరు కొస దేనికీ తగిలించకుండా టేబుల్ కింద వేలాడుతోంది.

మార్చి 12, సాయంత్రం 6

నిన్నటిలాగే ఇవాళ కూడా బావగారు ఒంటరిగా ఎక్కడికో వెళ్ళొచ్చారు. మోచెయ్యి దోక్కుపోయింది. ఎక్కడికండీ అంటే పనుందన్నారు. చూపులేని మనిషి, కర్ర పట్టుకుని, ఈ ట్రాఫిక్‌లో, పనట. నాకు ఒళ్ళు మండిపోయింది. మందు రాస్తుంటే మాత్రం మంటగా ఉందని అనలేదు.

మార్చి 13, శుక్రవారం, ఉదయం

మా ఆయన గడప దాటేదాకా ఆగి బావగారు నన్ను ముందుగదిలోకి పిలిచారు. లామినేట్ చేయించిన కాగితం చేతిలో పెట్టి, అమ్మాయ్, మీ లైబ్రరీలో ఇది ఎవరికివ్వాలో కనుక్కుని ఇచ్చిపెట్టు అన్నారు. మెడికల్ బోర్డు ఇచ్చిన అంధత్వ సర్టిఫికెట్ అది. నిన్నటి తారీఖు.

ఇదెందుకన్నాను. పోయిన గురువారం నుంచీ మేష్టారు లోపలికి పోనివ్వడం లేదమ్మా అన్నారు. మేష్టారంటే ఆయన బ్రౌజర్. పేజీని పైకి చదివి వినిపించే రకం. ఎవరో ఒక్కడే కూర్చుని తయారుచేసి ఎప్పుడో వదిలేశాడు. గద్దించే గొంతు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. దాన్ని ఏనాడో మానేశారనుకున్నాను. కొత్త ఫోన్ కొనిచ్చాం, మా యాప్ వేసిచ్చాం. ఆ గాజుపలక మీద వేలికి ఏమీ తగలదు, సొరుగులో పడేశాను అన్నారు.

మీట నొక్కి వినిపించారు. సర్టిఫికెట్ ఈజ్ నాట్ వ్యాలిడ్. యాక్సెస్ డినైడ్.

ఆ సర్టిఫికెట్ తనదనుకున్నారు! పాత కాగితంలో ఎడమ కంటికి వెలుగు తెలుస్తుందని రాసి ఉందట. అది పట్టుకుని, ఈయనకి చూపుంది, పుస్తకాలు ఆపేయండి అన్నారేమోనని భయపడ్డారు. అందుకే రెండు రోజులు క్యూలో నిలబడి, మెట్ల మీద పడి, డాక్టరు టార్చి ముందు కూర్చుని వచ్చారు. నన్నడిగితే పోయేది కదండీ అంటే, మీ ఆఫీసులో నీకు మాటొస్తుందని అన్నారు. మండా ఆ మర్యాద.

చెల్లనిది మీది కాదు, మా సైట్‌ది, మార్చింది నేనే అన్నాను. అయితే అనవసరంగా చెప్పేశానన్నమాట అన్నారు. ఏం చెప్పారన్నాను. ఆ కిటికీ వెలుగు పోయి రెండేళ్ళయిందమ్మా, డాక్టరుకి అదే చెప్పాను, తమ్ముడితో మాత్రం అనకు, వాడు తట్టుకోలేడు అన్నారు.

మరి రోజూ ఎండ సంగతి ఎలా చెబుతున్నారన్నాను. చెంపకి తగులుతుందిగా అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈ ఇంట్లో రెండేళ్ళుగా రెండు జతల కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి, నావీ మా ఆయనవీ.

అదే రోజు, మధ్యాహ్నం 3

ఆ సున్నా ఎలా వచ్చిందో తవ్వాను. వచ్చేవాళ్ళని లెక్కపెట్టే స్క్రిప్టు మేష్టారులాంటి బ్రౌజర్లలో అసలు నడవదు. అలాంటివాళ్ళు ఎంతమంది వచ్చినా లెక్కకి రారు. రాకపోకలన్నీ నమోదయ్యే సర్వర్ లాగ్ తెరిస్తే, వచ్చి తలుపు తట్టి వెనక్కి పోయినవాళ్ళు పేజీలకి పేజీలు. వాళ్ళలో బావగారు ఒకరు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఎంతమంది తమ కాగితాలు పట్టుకుని క్యూల్లో నిలబడ్డారో.

పచ్చతాళానికి చూపిస్తే మనుషులు కాదు, బాట్స్ అయ్యుంటాయి మేడమ్ అన్నాడు. పాతవాటి కోసం పక్కన వేరే అడ్రస్ పెడదామంటే గ్రేడ్ పోతుందన్నాడు. డైరెక్టర్ అప్పటికే ఏ ప్లస్‌ని ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్‌లో తగిలించాడు. మా లైబ్రరీ రిసెప్షన్‌లో! చదివేదెవరో!

మార్చి 16, సోమవారం

పక్క అడ్రస్ పెట్టేశాను. పాత బ్రౌజర్లు గుర్తుపట్టే సర్టిఫికెట్ వేశాను. మెంబర్లందరికీ మెయిల్ కొట్టాను. ఎవరినీ అడగలేదు.

మేష్టారు గద్దించకుండా లోపలికి పోనిచ్చారు. భోజనం దగ్గర బావగారు నా శనివారాన్ని మళ్ళీ దిద్దారు.

మార్చి 18

డైరెక్టర్ పిలిచాడు. పక్క అడ్రస్‌కి పచ్చతాళం సి గ్రేడ్ వేశాడట. ఇప్పుడు ఆ ఫ్రేమ్ దించాలా అని గొంతు చించుకున్నాడు. ఉంచండి సార్, మన దగ్గరికి వచ్చేవాళ్ళకి తేడా తెలియదు అన్నాను. మెమో చేతికిచ్చాడు. అందులో నా పేరు తప్పు రాశాడు. బావగారికి చదివి వినిపిస్తే ఇంకో మూడు తప్పులు పట్టారు. అడ్రస్ తీయమని అందులో ఎక్కడా రాయలేదు. నేను తీయలేదు.

మార్చి 20, ఉదయం

ఆకాశం ఒకటే మబ్బు. తెల్లారకముందు నుంచీ నడుస్తున్న కంప్యూటర్ పెట్టె వేడిగాలి బావగారి చెంపకే కొడుతోంది. ఇవాళ ఎండ బాగా కాస్తోందిరా అన్నారు తమ్ముడితో. మా ఆయన కప్పు పట్టుకుని కిటికీలోంచి చూసి, నా వైపు తిరిగాడు.

కళ్ళలో పడుతోందా బావగారూ, కర్టెన్ వేయనా అన్నాను.