మల్లవ్వకు సున్నా

మంగళవారం

వృద్ధుల మతిమరుపు సర్వేకు డాక్టరుగారితో బచ్చన్నపేట వెళ్లాను. "మనం ఏ రాష్ట్రంలో ఉన్నాం?" అని అక్కడ మల్లవ్వ అనే ముసలామెను అడిగాను.

"గదేం అడుగుడు బిడ్డా, తెలంగాణల ఉన్నం!" అంది.

డాక్టరుగారు ఫక్కున నవ్వారు. "ఇంకా రాని రాష్ట్రమది. మతి చెడింది, సున్నా వెయ్యి" అన్నారు. వేశాను.

"తప్పు జెప్పిన్నా బిడ్డా?" అవ్వ ముఖం చిన్నబోయింది.

తిరిగొస్తుంటే, రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్న ఉద్యమకారులు జీపును ఆపారు. ఈ డాక్టరు పెద్దమనిషి తల బయటపెట్టి, పిడికిలెత్తి, "జై తెలంగాణ!" అని గొంతు చించుకున్నాడు. వాళ్లు మురిసిపోయి దారి వదిలారు, పులిహోర కూడా పెట్టారు. తింటూ నాతో, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఛీ.

రేపు సర్వే మా ఊళ్లో. కన్నతండ్రిని, మా బాపును కూడా నేనే అడగాలి. ఆయనా అదే చెప్తాడు.