చప్పుడు ఆగిన కారు

చిన్నోడా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాసి మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నీ స్పీడు కారుకు ఏ సింథటిక్ ఇంజిన్ ఆయిల్ మంచిదని కిందటి నెల అడిగావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన పల్చటిదే పోయించమన్నాను. "ఆయిల్ కొట్టులో కూర్చుంటే బండి సంగతులన్నీ తెలిసిపోతాయా అక్కా?" అని నవ్వావు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

నిన్న మరదలు ఫోన్ చేసింది. "ఎవరో చెబితే చిక్కటి ఆయిల్ పోయించారు వదినా. ఇంజిన్లో ఆ టకటక పూర్తిగా పోయింది. ఆదివారం పాపను తీసుకుని కొండదారిన మీ ఇంటికే వస్తున్నాం" అంది. నేను వద్దనేలోపే లైను కట్టయింది, మళ్లీ కలవలేదు. టకటక సంగతి నువ్వు నాకు చెప్పనేలేదు.

చిక్కటి ఆయిల్ చప్పుడును కప్పుతుంది గానీ లోపలి అరుగుదలను ఆపదు. తీసేసిన ఆయిల్ ఉంటే తెల్లగుడ్డ మీద పోసి ఎండలో చూడు. అరిగిన లోహం వెండిపొడిలా మెరిస్తే ఇంక కారు తాళం తిప్పకు.

పెద్దన్నయ్యకు ఏమైందో నీకెవరూ సరిగా చెప్పలేదు. అప్పటికి నువ్వు పసివాడివి. ఆ రోజు తనూ చిక్కటి ఆయిలే పోయించుకొచ్చి, కొట్టు ముందు కారాపి, "చూడవే, ఇప్పుడు చప్పుడే లేదు, ఎక్కు" అన్నాడు. కొట్టు కట్టేసి వస్తాను, ఆగమన్నాను. ఆగలేదు. కొండ దిగుతుంటే ఇంజిన్ పట్టేసి చక్రాలు బిగుసుకుపోయాయట. లోయలోంచి శవాన్ని మర్నాడు తెచ్చారు.

మీరు ముగ్గురూ బస్సులో రండి. ఆదివారం పొద్దున్నుంచీ బస్టాండులోనే ఉంటాను.

అక్క