నాన్న చెప్పని ఓటీపీ

మరోదా, ఆదివారం రాత్రి

అమ్మ కుట్టే గుడ్డ బొమ్మల కోసం నేను చేసిన యాప్‌ని ఈరోజు ఆన్‌లైన్ షాపు ఖాతాతో కలపాలని కూర్చున్నాను. ఖాతాలోని వివరాలు యాప్‌కి అందాలంటే ఓటీపీతో అనుమతి ఇవ్వాలట. ఖాతా నాన్న నంబరు మీద ఉంది. నాన్నేమో పక్క ఊరు చరోదాలో అత్త ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చేసి ఓటీపీ అడిగాను.

“ఎవురికీ చెప్పొద్దని ఇందులోనే రాసున్నాది గదమ్మా!”

“నేను నీ కూతుర్ని నాన్నా!”

“గొంతు నీదే. ఇప్పుడు గొంతులు కూడా నకిలీవి చేస్తన్నారట. సరే, ఒకటి చెప్పు. చిన్నప్పుడు, నేను నైట్ షిఫ్టుకెల్తుంటే నా జేబులో ఏటి పెట్టీదానివి?”

గుర్తు రాలేదు. పెన్ను అన్నాను. ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మ ఒకటే నవ్వు.

కాసేపటికి నాన్న ఆటో దిగాడు. అత్త వండిన చేపల పులుసు కూడా తినకుండా వచ్చేశాడట. నా మొహం చూసి, “అచ్ఛా, నువ్వేనన్నమాట” అన్నాడు. మళ్లీ ఓటీపీ తెప్పించాను. నాకు కూడా కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి, ఒక్కో అంకే తనే నొక్కాడు. కలిసింది! అమ్మ బొమ్మలన్నీ తెర మీద వరసగా నిలబడ్డాయి.

“ఇంతకీ జేబులో ఏటి పెట్టీదాన్ని?” అని అడిగాను.

“సగం కొరికిన బిస్కట్టు. రాత్రి ఆకలేస్తాది, తిను నాన్నా అనీదానివి.”

ఇప్పటిదాకా గుర్తు చేసుకోవాలని చూస్తూనే ఉన్నాను. రావడం లేదు. ఆ పిల్ల నాన్న దగ్గరే ఉండిపోయింది...